టెంకాయ లేచిన చోటల్లా

ముసలితనం ఎవరిది వాళ్ళకు కనబడదు, పక్కవాళ్ళకే కనబడుతుంది. పక్కవాళ్ళు చెబితే, వాళ్ళ కళ్ళే పోయాయంటాం. మా ఆయన విషయంలో ఆ పక్కమనిషిని నేనే కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు.

మా ఆయన బోర్లకు చోటు చూస్తాడు. నల్లమాడ చుట్టుపక్కల బోరు వేయించాలంటే బోరు బండికంటే ముందు ఆయన్నే పిలుస్తారు. అరచేతి మీద టెంకాయను పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. నీళ్ళున్న చోట టెంకాయ లేచి నిలబడుతుందని నమ్మకం. నీళ్ళు పడితే ఆయన గొప్ప, పడకపోతే రైతు ఖర్మ. ఇంతకంటే సుఖమైన ఉద్యోగం నేను చూడలేదు.

రెండేళ్ళ కిందట ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. టీ ఒలికితే గ్లాసుదే తప్పన్నాడు, మార్చమన్నాడు. మార్చాను. చొక్కా మీద చారు పడితే, చారు నీళ్ళగా కాచావన్నాడు. ఆస్పత్రికి పోదామంటే, "నాకేమైంది, గుండ్రాయి మాదిరుండా" అన్నాడు. వింత ఏమిటంటే, టెంకాయ మాత్రం మునుపటికంటే చురుగ్గా లేవసాగింది. "వయసు పెరిగేకొద్దీ పెద్దాయనకు శక్తి పెరుగుతాంది" అన్నారు జనం. ఆయనా నమ్మాడు. పొగిడితే నమ్మని మగవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఆడదాన్నీ చూడలేదు లెండి. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టి ఊరుకున్నాను.

ఈ ఎండాకాలం మా బోరే ఎండిపోయింది. తోటలో చీనీ చెట్లు, అదే బత్తాయి చెట్లు, ఆకులు ముడుచుకున్నాయి. ఇంకొక్క బోరు వేయించే తాహతే మాకు మిగిలింది. అది తప్పితే తోట నరికి కట్టెలకు అమ్ముకోవడమే. పొద్దున్నే టెంకాయ పట్టుకుని ఆయన ముందు, గుర్తుకు రాళ్ళు పెట్టడానికి నేను వెనక బయలుదేరాం.

గట్టు దాటగానే టెంకాయ లేచింది. సంబరంగా నా వైపు చూశాడు. రాయి పెట్టాను. నాలుగడుగులు వేశాడో లేదో మళ్ళీ లేచింది. ఎండిపోయిన బోరు పక్కనా లేచింది. చివరికి చేను మూలనున్న బండ ఎక్కి నిలబడితే, ఆ బండ మీదా లేచింది. ఆయన టెంకాయను చూసి, దాని కింద తన చేతిని చూసుకుని, అక్కడే కూలబడ్డాడు.

"మే, నువ్వు పట్టు" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ టెంకాయను నన్ను తాకనిచ్చిన మనిషి కాదు. పట్టుకుని తోటంతా తిరిగాను. నా చేతిలో అది కదిలితే ఒట్టు.

"ఎప్పట్నించి అదురుతాంది నా చెయ్యి?" అని అడిగాడు.

"రెండేండ్లాయ."

"చెప్పలేదేమి?"

"చెప్తే గ్లాసు మార్చమంటివి."

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. లేచి, "నా చెయ్యి అన్నిచోట్లా నీళ్ళుండాయంటాది, నీ చెయ్యి యాడా లేవంటాది. బోరు బండి యాడ నిలిస్తే ఆడనే వేయిద్దాం పా" అన్నాడు. అట్లాగే వేయించాం. పొద్దు గూకేదాకా నీళ్ళకు బదులు తెల్లటి దుమ్మే లేచింది. బండివాళ్ళు గొట్టాలు సర్దుకుని వెళ్ళిపోయారు. తోట పోయినట్టేనని ఇద్దరికీ తెలుసు.

వారం తిరక్కుండానే సోమందేపల్లె నుంచి ఒక రైతు మోటార్‌సైకిల్ మీద వచ్చాడు, మా ఆయన్ని పిలుచుకుపోవడానికి.

"నా చెయ్యి అదురుతాంది నాయనా. అది జబ్బు. టెంకాయ దానిపాటికి అది లేస్తాంది. మా చేన్లోనే దుమ్ము లేచింది, పోయి చూసుకో" అన్నాడు మా ఆయన. ఇంత పొడుగు నిజం ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

"అదంతా ఎందుకు పెద్దాయనా. నీళ్ళుండాయని నువ్వొక మాట చెప్తే చాలు. మా ఇంట్లోవాళ్ళు ధైర్యంగా ఉంటారు" అన్నాడు ఆ రైతు.

మా ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎంత బతిమాలినా లేవలేదు. ఆ రైతు, పేరొచ్చేసరికి ముసలాయనకు పొగరెక్కిందని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

బండి చప్పుడు వినబడకుండా పోయాక, ఆయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, "మే, రేపు పొద్దున అనంతపురం బస్సు ఎప్పుడుండాది? పెద్దాస్పత్రిలో చూపించుకుందాం" అన్నాడు.

ఆ మాట కోసమే నోరు నొప్పి పుట్టేదాకా ఆయనతో పోట్లాడాను. తీరా ఆయన అడిగేసరికి, గుండ్రాయి మాదిరుండానంటూ ఆ రైతు వెంట పోయి ఉంటేనే బాగుండుననిపించి ఏడుపొచ్చింది.