శారద ఆన్ చేయని మోటార్

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. మా మేనకోడలు శారద ఇక లేదని.

తోటలో ఉన్నాను.

ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే హనుమాన్ జంక్షన్ దాటకముందే గుండె ఆగిపోయిందట. నలభై ఒక్క ఏళ్లు.

నాకు రాయడం రాదు. "దాని గురించి నువ్వే రాయి అన్నయ్యా, అన్నీ నీకే చెప్పుకునేది" అంది మా చెల్లెలు, శారద వాళ్లమ్మ.

శారద నూజివీడులో ఇంటి నుంచే ఉద్యోగం చేసేది. కంప్యూటర్ లోపల ఉత్తుత్తి మిషన్లు తయారు చేయడం. ఎమ్యులేటర్ అంటారట. అసలు మిషన్ లేకుండానే దాని సాఫ్ట్‌వేర్ అందులో నడిపి చూస్తారు.

ఆదివారాలు మా తోటకి నీళ్లు పెట్టే మోటార్ బోర్డుని కూడా అందులో కడుతూ ఉండేది. నాకు చూపించాలని.

ఆషాఢంలో ఒక రోజు మొహం వేలాడేసుకుని తోటకి వచ్చింది.

"తప్పు చేశా మావయ్యా. కంప్యూటర్లో మోటార్ పుట్టగానే లైను కలిపేశా."

"అయితే ఏమైందమ్మా?"

"ఏమేం మిషన్లు ఉన్నాయని ఊరికే లిస్ట్ అడిగినా, కంప్యూటర్ ఒక్కోదాన్నీ ఓసారి పుట్టించి, చూసి, తీసేస్తుంది. ఆ కాసేపట్లోనే నాది లైను పట్టుకుని తిరగడానికి చూస్తోంది."

"పెళ్లిచూపులకి పిలిస్తే తాళి కట్టేసినట్టుంది."

చాలాసేపు నవ్వింది.

తర్వాత విడమరిచి చెప్పింది. మొదట వస్తువు ఊరికే పుట్టాలి, దేన్నీ ముట్టుకోకూడదు. ఆ తర్వాత దాని వివరాలు నింపాలి. అవి సరిగ్గా ఉంటేనే లైన్లు కలపాలి, తేడా ఉంటే అక్కడే కాదనాలి. ఆఖరున రీసెట్. అన్నీ మొదటి స్థితికి తెచ్చి ఆన్ చేయడం.

నాకు తెలిసింది మామిడి అంటు కట్టడం ఒక్కటే. అది చూపించాను. కుండీలో టెంక మొక్కనీ, చెట్టుకున్న చిన్న రసం రకం కొమ్మనీ చెక్కి, ఆనించి కడతాం. అతుక్కునేదాకా కొమ్మని చెట్టు నుంచి కోయకూడదు. కోస్తే ఎండిపోతుంది.

ఒకటి తనే కట్టింది. కాస్త వంకరగా.

"అతికిందని ఎలా తెలుస్తుంది మావయ్యా?"

"తెలియదమ్మా. రెండు నెలలు ఆగాలి."

"నాదే నయం. ఎర్రర్ అయినా చూపిస్తుంది."

మొన్న సాయంత్రం ఫోన్ చేసింది. "వివరాలన్నీ నింపేశా. రేపు లైన్లు కలుపుతా. మీరొచ్చి ఆన్ చేద్దురుగాని."

వస్తానన్నాను.

నిన్న వెళ్లాను. అందుకు కాదు.

వాళ్లాయన శారద లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. "మీకేమైనా తెలుసా మావయ్యగారూ?" అన్నాడు. అతనిది బట్టల షాపు. స్క్రీన్ నిండా అక్షరాలు. ఏది నొక్కితే ఏం పోతుందోనని ఇద్దరం ముట్టుకోలేదు. చూస్తూ కూర్చున్నాం.

చార్జింగ్ అయిపోయి అదే ఆరిపోయింది.

ఈ పొద్దున తోటకి వెళ్లాను. శారద కట్టిన అంటు ఇంకా చెట్టుకే ఉంది. పదిహేను రోజుల్లో కోయాలి. ఇన్నేళ్లలో ఎన్నో కోశాను.

దీనికి చెయ్యి వస్తుందో రాదో.

శారదమ్మా, నువ్వు రమ్మన్నావని వచ్చానమ్మా.

వెళ్లిరా తల్లీ. నీ ఆత్మ చల్లగా ఉండాలి.