తాళం వేసిన పాక

ఈ మాట ఇన్నేళ్ళుగా నా గొంతులో అడ్డుపడి ఉంది. మింగలేను, కక్కలేను. మా ఆయనకు కూడా చెప్పలేదు, ఇప్పుడాయన లేడు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

ఎనభైలలో సంగతి. వెల్దుర్తి దగ్గర మా ఊళ్ళో బీదవాళ్ళకు పక్కా ఇళ్ళు వచ్చాయి. మా వీధికి నాలుగే. జాబితాలో నాలుగో పేరు పక్క పాకలో ఉండే సైదమ్మది, అయిదోది నాది. దరఖాస్తు ఇవ్వడానికి ఇద్దరం కలిసే వెళ్ళాం. నేను సంతకం పెట్టాను, ఆమె వేలిముద్ర వేసింది.

తర్వాత సైదమ్మ మొగుణ్ణి, పిల్లలను తీసుకుని గుంటూరు వైపు మిరప కోతలకు బయలుదేరింది. పాకకు తాళం వేస్తూ, ఎవరన్నా ఇంటి సంగతి అడిగితే కోతకు పోయానని చెప్పమంది. సరేనన్నాను. అప్పటికి నా మనసులో ఏ పాపమూ లేదు, ఒట్టు.

వారం తిరక్కుండానే ఆఫీసరు రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. జాబితాలో వాళ్ళు నిజంగా ఊళ్ళో ఉంటున్నారో లేదో ఇంటింటికీ తిరిగి చూస్తున్నాడు. తాళం దగ్గర ఆగాడు.

"ఈ ఇంటోళ్ళు ఏరమ్మా?"

"ఊరొదిలి పోయారయ్యా."

"మళ్ళా రారా?"

"ఏందో మరి, సామానంతా ఎత్తుకుపోయారు."

పేరు కొట్టేశాడు. అంతే, ఇల్లు నాదైంది.

మొదటి మాట నోరు జారిందనుకుందాం. మా పాకలోనూ వానొస్తే పిల్లలను మంచం కింద పడుకోబెట్టేదాన్ని, ఆ భయంతో అన్నాననుకుందాం. మరి రెండోది? సామాను సంగతి ఆయన అడిగాడా? అడగని మాట నేనెందుకు కల్పించాను? ఛీ, ఇప్పటికీ ఆ మాట దగ్గరే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

సైదమ్మ తిరిగొచ్చి ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. ఊళ్ళో లేవని రాసి ఉంది పొమ్మన్నారట. కోతకు తీసుకుపోయినందుకు మొగుణ్ణి తిట్టుకుంది, తన రాతను తిట్టుకుంది. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే మాత్రం చెప్పేదాన్నా? నా ఇంటి గోడలు తడపడానికి ఆమే బిందెలతో నీళ్ళు మోసింది. కూలి ఇవ్వబోతే కోప్పడింది. వానాకాలమంతా ఆమె పిల్లలు మా వసారాలోనే ఉండేవాళ్ళు. నేను అన్నం పెట్టేదాన్ని. ఊళ్ళో నాకు మంచిదాన్నని పేరొచ్చింది. ఆ పేరు వింటే ఒళ్ళు మండేది.

నిరుడు సైదమ్మ కొడుకు శ్లాబు ఇల్లు కట్టాడు. పిలవడానికి ఆమే కర్ర పట్టుకుని వచ్చింది.

"పాలు నువ్వే పొంగియ్యాలక్కా. ఆ వానల్లో నా పిల్లల్ని కడుపులో పెట్టుకు చూసుకున్నావు. చానా రుణపడి ఉన్నా."

వెళ్ళాను. పొంగించాను. చెప్పేద్దామని నోరు తెరిచేసరికి నా చేతిలో కొత్త చీర పెట్టింది. తీసుకుని ఇంటికొచ్చేశాను. ఆ చీర మడత ఇంకా విప్పలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఆమెకు చెప్పే ధైర్యం ఈ జన్మకు వస్తుందన్న నమ్మకమూ లేదు. కానీ సైదమ్మ ఇల్లు కాజేసింది నేనేనని ఇవాళ మొదటిసారి నా చేత్తో రాశాను. కాస్త ఊపిరాడుతోంది.