కొసరు మాట

గల్ఫ్‌లో, అల్ వక్రా కూలీల క్యాంపులో మా రూమ్ పెద్దన్న ఎవరితో మాట్లాడినా చివర్న "తిన్నవా?" అని అడిగేవాడు. ఆయన గుండె ఆపరేషన్‌కు బీమా కంపెనీ ఒప్పుకోలేదు. కిరాణా కొట్లో పెరిగిన నేను, హార్బర్‌లో చేపలవాళ్ళని ఏడిపించే బేరగాణ్ణి, ఫోన్ లాక్కుని గంటసేపు వాదించాను. వాళ్ళు పిసరంత కూడా దిగలేదు. పెద్దన్న ఫోన్ తీసుకుని, కాదు పొమ్మన్న ఆ అమ్మాయినే "ఖానా ఖాయా, బేటీ?" అని హిందీలో అదే మాట అడిగాడు.

అమెరికాలో ఎవరో బీమా కంపెనీ పెద్దని కాల్చి చంపారని వార్త వచ్చిన రోజు రూమంతా ఈలలేసింది.

"నీ పగ గూడ తీరిందే, అన్నా!" అన్నాడొకడు.

పెద్దన్న ముద్ద కంచంలో పెట్టేశాడు. "పాపం, తిని బయలెల్లిండో లేదో."

ఆ గుండెతోనే ఆయన ఊరెళ్ళాడు. కొన్నాళ్ళకే పోయాడని కబురొచ్చింది.

ఇప్పటికీ ఏ ఫోన్ పెట్టేసే ముందైనా, కొసరు కోసం నిలబడ్డ బేరగాడిలా కాసేపు ఆగుతాను.