నాలుగో చప్పుడు

గడియారాల మేస్త్రీకి తన చెవి మీద మహా నమ్మకం. సందు చివరి ఇరుకు కొట్టులో భూతద్దం బిగించుకు కూర్చుని, టిక్కుకీ టిక్కుకీ మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టేసేవాడు. తీరిక దొరికితే బొమ్మ రైళ్లు. బజారులో కొన్న బొమ్మ ఇంజను చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక్కసారే ఛుక్ అంటుంది. అసలు ఆవిరి ఇంజనైతే నాలుగుసార్లు అంటుంది. అందుకని ఇరుసు చుట్టూ బియ్యపుగింజంత అయస్కాంతాలు నాలుగు అంటించి, పక్కన సన్నని గాజు స్విచ్చు పెట్టేవాడు. అయస్కాంతం దాన్ని దాటిన ప్రతిసారీ ఒక చప్పుడు.

ఆ విద్య తోడల్లుడికి నేర్పింది తనే. అక్కడే పొరపాటు జరిగింది.

తోడల్లుడు దర్జీ. అతడి ఇంజను చప్పుడు నిండుగా, గుండెకి తగిలేలా వచ్చింది. మామగారు తల వంచి విని, "బాగుందయ్యా చిన్నల్లుడూ" అన్నారు. ఆయన ఒకప్పుడు ఆవిరి ఇంజను తోలిన డ్రైవరు, ఇప్పుడు చూపు పోయింది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో పెద్దల్లుడైన మేస్త్రీతో ఆయన మనసారా అన్నది "భోంచేశావా?" ఒక్కటే.

ఆ రోజు మేస్త్రీకి ముద్ద దిగలేదు.

"అన్నం అలా కెలుకుతారేమిటండీ?" అంది భార్య.

"కూరలో ఉప్పెక్కువైంది."

"కూర ఇంకా వడ్డించందే!"

వారం తిరక్కుండానే దర్జీ తన ఇంజనుని గుడ్డలో చుట్టి కొట్టుకి తెచ్చాడు. "వైరు ఊడింది అన్నయ్యా, కాస్త చూడవూ? నీ చెయ్యి పడితే చాలు."

వైరు అతకడం రెండు నిమిషాల పని. తరవాత మేస్త్రీ పట్టకారుతో ఒక అయస్కాంతాన్ని ఆవగింజంత పక్కకి జరిపాడు. కడుపులో మంట కాస్త చల్లారింది.

ఆదివారం మామగారి ముందుగదిలో బల్ల మీద పట్టాలు వేశారు. మొదట మేస్త్రీ ఇంజను తిరిగింది. ఒక్క చప్పుడు తప్పలేదు.

"ఊఁ. గడియారంలా ఉంది" అన్నారు మామగారు.

తరవాత దర్జీది. ఛుక్, ఛుక్, ఛుక్... ఛుక్. నాలుగోది ఆలస్యంగా కాలీడ్చుకుంటూ వచ్చింది. దర్జీ మొహం ఎర్రబడింది. ఆపబోయాడు.

"ఆపకు!" మామగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ఇది నా బండిరా! సరిగ్గా ఇలాగే కుంటేది. షెడ్డులో ఎంతమంది విప్పి బిగించినా ఆ నాలుగోది దారికి రాలేదు. కొత్త బండి ఇస్తామన్నా నేను దాన్ని వదల్లేదు. నీకెలా తెలిసిందయ్యా చిన్నల్లుడూ?"

"నాకేం తెలీదు మావయ్యా. మొన్న అన్నయ్యే దీన్ని విప్పాడు. మెప్పంతా ఆయనదే."

ముసలాయన చెయ్యి గాలిలో తడుముకుంటూ పెద్దల్లుడి భుజం అందుకుంది. "నువ్వా!"

"చెడగొడదామనే చేశాను మావయ్యా" అన్నాడు మేస్త్రీ.

గది గదంతా ఫక్కున నవ్వింది. "చెడగొట్టడమూ ఇంత కొలత ప్రకారమేనా అన్నయ్యా!" అని దర్జీ చప్పట్లు కొట్టాడు. మేస్త్రీ భార్య ఒక్కతే నవ్వలేదు.

ఇన్నేళ్లూ ఎదురుచూసిన చెయ్యి భుజం మీద బరువుగా ఉంది. మేస్త్రీ చూపు మాత్రం తోడల్లుడి మీదే. చేతికొచ్చిన మెప్పుని పక్కవాడికి ఇచ్చేసి, వీడు ఇంత హాయిగా ఎలా నవ్వగలుగుతున్నాడు? మళ్లీ కడుపు భగ్గుమంది.