వానాకాలంలో చూసిన ఇల్లు

జ్ఞానమణి గొంతు గురించి మెట్టుగూడ చర్చిలో ఎవరినడిగినా చెప్తారు. కరెంటు పోయి మైకు ఆగినా ఆవిడ పాట ఆఖరి బెంచీ దాకా ఖంగున వినపడేది. అలాంటి మనిషి రెండువేల నాలుగులో చరణం మధ్యలో ఆగి దగ్గడం మొదలుపెట్టింది. దగ్గదూ మరి! సీతాఫల్‌మండిలో ఆవిడ గుమ్మం ముందునుంచే ఆటోలు, బస్సులు, కొత్తగా పుట్టుకొచ్చిన కంపెనీ క్యాబులు. డాక్టరు ఉబ్బసమన్నాడు. "గాలి మారితే మంచిదమ్మా" అన్నాడు. ఆ మాట కాస్తా తమ్ముడు నతానియేల్ చెవిన పడింది.

నతానియేల్‌ది బియ్యం మిల్లులో గుమాస్తా పని, బస్సులో మూడు గంటల దూరంలో ఉన్న వరి పండే ఊళ్ళో. అప్పుడే అతని కూతురు హదస్సాకి హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది. "ఇళ్ళు మార్చుకుందాం అక్కా. నీకు మంచి గాలి, దానికి ఆఫీసు దాకా ఎమ్‌ఎమ్‌టీఎస్ లోకల్ రైలు" అన్నాడు. ఎంత తియ్యగా అన్నాడో! పిల్లలు లేరు, భర్త సామ్యూల్ పోయాడు. జ్ఞానమణికి నా అన్నవాడు ఆ తమ్ముడొక్కడే.

ఇల్లు చూపించడానికి శ్రావణంలో తీసుకెళ్ళాడు. మూడు పక్కలా కొండలు, మధ్యలో ఊరు, చుట్టూ పచ్చటి నాట్లు. పడమట ఖాళీ ఉన్న వైపు నుంచి వానగాలి రివ్వున కొడుతోంది. జ్ఞానమణి డాబా ఎక్కి ఒక కీర్తన మొదలుపెట్టి, ఒక్క దగ్గు లేకుండా ఆఖరి చరణం దాకా పాడేసింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్ళు చేసే తప్పే చేసింది పాపం, ఒక్కరోజు గాలి చూసి అదే ఆ ఊరి గాలి అనుకుంది. పొలం ఎరిగినవాళ్ళయితే కోతలయ్యాక మళ్ళీ వచ్చి చూస్తామనేవాళ్ళు. ఈవిడ వారం తిరక్కుండా రిజిస్ట్రేషన్‌కి సంతకం పెట్టేసింది. ఈవిడ ఆ ఊరికి, మిల్లు పని మానేసి నతానియేల్ కూతురితో సీతాఫల్‌మండికి మారిపోయారు.

దసరా వెళ్ళింది, గాలి పడిపోయింది. చలి ముదిరింది. కోత మిషన్లు తిరిగిన పొలాల్లో మిగిలిన కొయ్యకాళ్ళకి రైతులు నిప్పు పెట్టారు. మిల్లుల్లో వడ్లు ఉడకబెట్టడానికి పగలూ రాత్రీ ఊక మండించారు. ఆ పొగ ఎక్కడికి పోతుంది? మూడు పక్కలా కొండలాయె, తోసే గాలి లేదాయె. పైన మూత పెట్టినట్టు ఊరిమీదే కూర్చుంది. పొద్దున్నే తలుపు తీస్తే ఎదురిల్లు కనపడేది కాదు. జ్ఞానమణి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. పాట సంగతి దేవుడెరుగు, ప్రార్థనలో ఆమెన్ అనడానికి కూడా ఊపిరి చాల్లేదు.

పక్కింటి దేవమ్మ వేడినీళ్ళు తెచ్చిచ్చి వీపు రాసింది. "ఏందమ్మా గిట్లయితున్నవ్? మీ తమ్ముడు జెప్పలేదా? హదస్సాకు సుత గిదే తక్లీఫ్. చలి షురూ అయితే చాలు, పిల్లను పట్నం తోలుతుండె. మీ ఇంటికే గదా!"

జ్ఞానమణికి అప్పుడు గుర్తొచ్చింది. నిజమే, ఏటా నవంబరులో పిల్లని తెచ్చి దించేవాడు. "క్రిస్మస్ పాటలు నేర్పించు అక్కా, నీ గొంతు దానికి రావాలి" అనేవాడు. బడి పోతుంది కదరా అంటే నవ్వేసేవాడు. నా తమ్ముడికి నా పాటంటే ప్రాణం అని ఈ పిచ్చి మనిషి చర్చి అంతా చెప్పుకుని మురిసిపోయింది! ఇన్నేళ్ళూ అతను పంపింది పాట కోసం కాదు. ఆ ఊరి గాలి ఎలాంటిదో అతనికి ముందే తెలుసు. ఒళ్ళు మండిపోయింది ఆవిడకి.

మర్నాడే బస్సెక్కి సీతాఫల్‌మండి వచ్చింది. తన గుమ్మంలో తనే బెల్లు కొట్టి నిలబడింది. నతానియేల్ తలుపు తీసి, అక్క మొహం చూసి పక్కకి తప్పుకున్నాడు.

"నీకు తెలుసు కదరా?" అంది కుర్చీలో కూలబడి.

అతను అబద్ధమాడలేదు. "తెలుసక్కా. కానీ దానికింకా బోలెడు బతుకుంది. నువ్వంటే..." అని ఆగిపోయాడు. ఇంకా చెప్పడానికేముంది!

"నోరు తెరిచి అడిగితే ఇల్లు రాసిచ్చేసేదాన్ని కదరా! నా మేనకోడలికి కాక ఎవరికిస్తాను? వెనక గదిలో ఓ మూల పడుండేదాన్ని. గాలి బాగుంటుందని నన్నెందుకు మోసం చేశావు?" మాట మాటకీ ఊపిరి అందక ఆగుతోంది. "పోనీ, ఇప్పుడు మాత్రం ఏమైంది? ఆ వెనక గదిలోనే ఉంటాలే."

నతానియేల్ ఫ్యాన్ స్పీడు పెంచాడు.

"వెనక గది సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకి అద్దెకిచ్చేశాం అక్కా. కాఫీ తాగు. సాయంత్రం బస్సుకి నేనే వచ్చి ఎక్కిస్తా."