రెక్క వెనక సీటు

విమానం ఎక్కాల్సి వచ్చినప్పుడల్లా నేను అడిగే సీటు ఒకటే. రెక్కకు కాస్త వెనకగా, కిటికీ పక్కన. ఇంజన్ మోత అక్కడ బాగా వినిపిస్తుంది. ఆ మోత పడలేక శానామంది ముందు సీట్లు కావాలంటారు. నేను దానికోసమే వెనక కూర్చుంటానంటే మా ఆయన నవ్వుతాడు. ఆయనది ప్రొద్దుటూరు. బస్సు ఎక్కినా, రైలు ఎక్కినా, విమానం ఎక్కినా కదలకముందే నిద్రపోయే మనిషి.

నాకు ఈ పిచ్చి మొదటి ప్రయాణంలోనే పట్టుకుంది. జమ్మలమడుగు బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని, టీచర్ల శిక్షణ అని ఢిల్లీకి పంపించినారు. హైదరాబాదులో విమానం ఎక్కినాను. అది మెల్లగా బస్సు మాదిరి తిరుక్కుంటా పోయి, రన్‌వే మొదట్లో నిలబడిపోయింది. ఏదో చెడిపోయింది కాబోలు అనుకున్నాను. అంతలో సన్నగా ఈలలాంటి శబ్దం మొదలైంది. అది చూస్తూండగానే లావైపోయి గర్జనయింది. ఎవరో రెండు చేతులతో గుండెల మీద పట్టి నెట్టినట్టు వీపు సీటుకు అతుక్కుపోయింది. కింద చక్రాల దడదడ ఎక్కువై, ఎక్కువై, ఒక్కసారిగా ఆగిపోయింది. నేల వదిలేసినామని నాకప్పుడు అర్థమైంది. పక్కనున్నామె కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటాంది. నాకేమో నవ్వు ఆగలేదు. పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను.

ఈ సంగతి ఎవరికి చెప్పినా ఓహో అనేసి వేరే మాటలోకి పోయేవాళ్లు. నాకు తోడు దొరికింది మాత్రం మా మేనత్త.

మా అత్తది పులివెందుల. ఆమె, మా మామ కలిసి పిండిమర నడిపేవాళ్లు. దాని పక్కనే చెనిక్కాయలు ఒలిచే మిషన్ ఒకటి. మామ పోయినాక ఆ రెండిటినీ ఆమె ఒక్కతే శానా ఏండ్లు నడిపింది. పొద్దున మోటారు వేస్తే చీకటి పడేదాకా బెల్టుల రొదలోనే ఉండేది. అట్లా కొంచెం కొంచెంగా చెవులు పోయినాయి. ఇప్పుడు కుడి చెవి పూర్తిగా లేదు. ఎడమ చెవిలో గట్టిగా అరిస్తే ఏదో అందుతుంది. ప్రొద్దుటూరులో డాక్టరుకు చూపించి చెవి మిషన్ ఇప్పించినాను. నాలుగు రోజులు పెట్టుకుని, అన్నీ కలిసి గరగరమంటాండాయని తీసి బీరువాలో పెట్టేసింది.

చెవులు పోయినందుకు ఆమె ఎప్పుడూ ఏడవలేదు. కానీ పెళ్లిళ్లలో, పేరంటాలలో ఆమెను చూస్తే నాకు కష్టంగా ఉండేది. ఒకప్పుడు ఎంతమందిలోనైనా ఆమె గొంతే పైన ఉండేది. ఎవరినైనా మొహం మీదే అడిగేసే మనిషి. ఇప్పుడు కుర్చీలో కూర్చుని, ఎవరు నోరు కదిపితే వాళ్ల వైపు తిరిగి, నవ్వి ఊరుకుంటాంది. జనం గూడా ఆమెతో మాట్లాడడం తగ్గించేసినారు. అరిచి చెప్పే ఓపిక ఎవరికుంటుంది.

ఆమెకు కాశీ చూడాలని కోరిక. రైల్లో అంతదూరం ఆమె నడుము ఓర్చుకోదని, ఎండాకాలం సెలవుల్లో విమానంలో తీసుకపోతానన్నాను. ఆమె వద్దనలేదు. విమానంలో ఏం పెడతారో ఏమోనని జొన్నరొట్టెలు, నంచుకునేదానికి ఊరిబిండి, నిప్పట్లు కట్టుకుంది. ముందురోజే పులివెందులకు పోయి ఆమె దగ్గర పడుకున్నాను. తెల్లారి కారు మాట్లాడుకుని వేంపల్లె, పెండ్లిమర్రి మీదుగా కడప విమానాశ్రయానికి చేరినాం.

కడపలో ఎక్కేది రెక్కలకు పంకాలుండే చిన్న విమానం. పంకాలు తిరగడం మొదలుపెట్టగానే అత్త గోడకు అరచెయ్యి ఆనించి పెట్టింది. కాసేపటికి నా వైపు తిరిగి, మన పిండిమర మాదిరే అదురుతాందని చెప్పింది. తన గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలీదు కాబట్టి విమానమంతా విన్నారు. ముందు సీటు పెద్దమనిషి వెనక్కి తిరిగి నవ్వినాడు. నాకు సిగ్గేమీ అనిపించలేదు.

హైదరాబాదులో దిగి, కాశీకి పోయే పెద్ద విమానం ఎక్కినాం. నేనెప్పుడూ అడిగే సీటే అడిగి, కిటికీ పక్కన ఆమెను కూర్చోబెట్టినాను. ఆమెకు చెప్పాలని నాకు శానా ఉంది. ఇప్పుడు ఆగుతుంది, తర్వాత మోత వస్తుంది, వీపు సీటుకు అతుక్కుంటుంది, భయపడొద్దు అని. అదంతా చెవిలో అరిచి చెప్పేదెట్లా. చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకున్నాను. ఇంత ఇష్టమైన మోత పక్కన కూర్చోబెట్టి కూడా ఆమెకు వినిపించలేకపోతాండానే అని లోపల ఒక బాధ.

విమానం రన్‌వే మీదికి తిరిగి నిలబడింది. ఈల మొదలైంది. అది గర్జనయి మమ్మల్ని వెనక్కి నెట్టింది. అత్త వేళ్లు నా వేళ్లను నలిపేస్తాండాయి. భయపడిందేమోనని వంగి మొహం చూసినాను. కళ్లు ఇంతింత చేసుకుని ఎదురుగా చూస్తాంది. నేల వదిలినాక ఆమె నా చెయ్యి విడిచి, తన అరచెయ్యి గుండెల మీద పెట్టుకుంది.

"పాపా, ఇనపడతాంది," అన్నది.

ఏందని సైగ చేసినాను.

"ఇంజను. ఈడ ఇనపడతాంది," అని గుండె మీద తట్టి చూపించింది.

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు మాత్రం ఏడుపు లేదు, సంబరమే. ఊరంతా కిందకు జారిపోతాంటే దానిని చూసుకుంటా, ఇనపడతాంది ఇనపడతాంది అని తనలో తాను అనుకుంటానే ఉంది. మబ్బుల మీదికి పోయి మోత సన్నబడినాక రొట్టెల మూట విప్పి నాకింత పెట్టింది, తానింత తినింది.

కాశీలో దిగేటప్పుడు చక్రాలు నేలకు తగిలినాక ఇంజన్ మళ్లా ఒకసారి గట్టిగా అరుస్తుంది కదా, అప్పుడు ఆమె ఆశగా, మళ్లా లేస్తాందా అని అడిగింది. లేదు, ఆగుతాందని చేత్తో చూపిస్తే మొహం కొంచెం చిన్నబోయింది.

కాశీలో స్నానాలు, దర్శనాలు అన్నీ బాగానే జరిగినాయి. కానీ పులివెందులకు తిరిగొచ్చినాక ఎవరన్నా కాశీ ఎట్లుందని సైగ చేసి అడిగితే, గంగ బాగుందని ఒక్క మాట చెప్పి, నేరుగా విమానంలోకి పోయేది. నోటితో ఆ ఈల వేసి, దాన్ని పెంచి పెంచి గర్జన చేసి, కుర్చీలో వెనక్కి వాలి చూపించేది. వీధిలో ఆడవాళ్లు సాయంత్రం పనులు తీరినాక వచ్చి కూర్చునేవాళ్లు. ఇంకొకసారి చెప్పమనేవాళ్లు. అరిచి చెప్పే పని వాళ్లకు లేదు, వినేది వాళ్లే. తర్వాత ఒక పెళ్లిలో నేను చూసినాను. ఆమె చుట్టూ పది కుర్చీలు, ఆమె గొంతు అందరి మీద. పాత మాదిరి ఆమె తిట్లూ మొదలైనాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఆ మరుసటి ఏడు ఆమె నుంచి ఫోన్ వచ్చింది. పక్కింటామె చేత నంబరు నొక్కించి, తాను చెప్పాల్సింది చెప్పి పెట్టేసే అలవాటు ఆమెకు. మన జవాబు వినేది ఉండదు. "పాపా, మళ్లా ఇమానం ఎక్కాల. యాడికైనా సరే," అని పెట్టేసింది.

యాడికైనా సరే అంటే యాడికి అని మా ఆయనతో ఆలోచించినాను. కడప నుంచి హైదరాబాదుకు పోయి, అక్కడ పెద్ద విమానం ఎక్కి తిరుపతిలో దిగి, బస్సులో ఇంటికి వచ్చేద్దామని ఆయనే తేల్చినాడు. తానూ వస్తానన్నాడు. అట్లాగే పోయినాం. తిరుపతిలో దిగినాక, దర్శనం టికెట్లు దొరకవు కదా అత్తా అని సైగలతో చెబితే, ఆమె కింద నుంచే కొండకు దండం పెట్టి, ఈసారి పని వేరే అని స్వామికి గట్టిగా విన్నవించుకుంది.

కడప బస్సులో మేము ముగ్గురం ఒకే వరసలో కూర్చున్నాం. విమానం లేచేటప్పుడు మా ఆయన నిద్రపోతాండడం అత్త చూసింది. అందుకని ఆయన మోచెయ్యి పట్టుకుని, అది ఎట్లా నిలబడిందో, ఎట్లా అరిచిందో, ఎట్లా నెట్టిందో మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన ఆ పూట నిద్రపోకుండా కడప దాకా విన్నాడు.