ఆకుపచ్చ కవరుతో రెండుసార్లు గుంటూరుకు

మార్కాపురం రోడ్డు స్టేషన్‌కు పొద్దుటి బండి ఆరున్నరకు వచ్చింది. జనరల్ పెట్టెలో ఎడమవైపు కిటికీ దగ్గర నా భార్య నూర్జహాన్‌ను కూర్చోబెట్టి, సంచి ఒళ్ళో పెట్టుకుని నేను పక్కన కూర్చున్నాను. గుంటూరులో కేన్సర్ ఆస్పత్రికి మా ప్రయాణం. మా వైపు నుంచి ఇదే పని మీద వెళ్ళేవాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను మార్కాపురంలో కుట్టుమిషన్లు బాగుచేస్తాను.

కిందటేడు నూర్జహాన్‌కు ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేశారు, కీమో ఇచ్చారు, కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. ఊడిన జుట్టు మళ్ళీ వచ్చింది. ఇక కొన్నేళ్ళపాటు రోజుకో మాత్ర వేసుకోమన్నారు. మూడు వారాల కిందట పరీక్షలకు వెళ్ళినప్పుడు, ఆమె స్కానింగ్ గదిలో ఉండగా నర్సమ్మ నా చేతికి ఒక ఆకుపచ్చ కవరు ఇచ్చింది. జబ్బు తిరగబెట్టకుండా మామూలు మాత్రతోపాటు ఇంకో కొత్త మాత్ర కూడా ఇస్తే మేలేమో తెలుసుకోవడానికి ట్రయల్ జరుగుతోందని చెప్పింది. "ఇద్దరూ కూర్చుని చదవండి. ఆవిడ ఏమంటారో వచ్చేసారి చెప్పండి" అంది.

ఆ కవరు నేను ఇంటికి తీసుకుపోలేదు. దుకాణంలో సూదుల డబ్బాల వెనక పెట్టాను. మొదటి పేజీలో 'ప్రయోగం' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. అన్నం వాసన కూడా గిట్టక ఆమె నెలల తరబడి పడ్డ అవస్థ చూసినవాణ్ణి. ఇప్పుడిప్పుడే కుదురుగా నాలుగు ముద్దలు తింటోంది. మళ్ళీ కొత్త మందంటే నాకు మనసొప్పలేదు. ఆమె తెలుగు బాగా మాట్లాడుతుంది గానీ చదవలేదు, ఉర్దూ మాత్రమే చదువుతుంది. అందుకే దాచడం సులువైంది. వద్దని చెప్పి తిరిగి ఇచ్చేద్దామని ఆ రోజు కవరును సంచి అడుగున పెట్టుకొచ్చాను.

మా ఎదురు సీట్లో గిద్దలూరులో ఎక్కిన ఒకామె ఉంది. పేరు ఎస్తేరు. నలభై ఏళ్ళుంటాయి. గిద్దలూరు పక్క పల్లెలో ఉంటూ పొలం కూలికి వెళుతుందట. దొనకొండ వచ్చేలోపే ఆడవాళ్ళిద్దరూ మాటల్లో పడ్డారు. రక్తం తీస్తారని ఏమీ తినలేదని నూర్జహాన్ చెబితే, "నేనూ అంతే అక్కా. పక్కవాళ్ళు తినే ఈ ఇడ్లీల వాసనకు ప్రాణం లాగుతాంది" అని ఎస్తేరు నవ్వింది. ఇద్దరూ వెళ్ళేది ఒకే ఆస్పత్రికని అప్పుడు తెలిసింది.

కురిచేడు దాటాక టీసీ వచ్చాడు. టికెట్ల కోసం సంచి తిరగేస్తుంటే కవరు జారి కింద పడింది. ఎస్తేరు వంగి తీసింది.

"ఇది మా ట్రయల్ కవరే గదా! నువ్వు కూడా చేరినావా అక్కా? నేను చేరి ఏడాదైంది."

"ఏం ట్రయల్?" అంది నూర్జహాన్. ఎస్తేరును అడిగింది గానీ చూపు నా మీదే ఉంది.

చెప్పక తప్పలేదు. నాలుగు మాటల్లో చెప్పేశాను. నూర్జహాన్ వినుకొండ వచ్చేదాకా కిటికీలోంచి మిరపతోటలు చూస్తూ కూర్చుంది. వినుకొండలో జనం దిగి, జనం ఎక్కి, బండి కదిలాక నా వైపు తిరిగింది. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. ఎస్తేరు కూడా వినాలనే కాబోలు, ఆమె తెలుగులో అంది.

"అందులో ఏముందో చదవండి. ఒక్క ముక్క కూడా వదలొద్దు."

చదివాను. బండి చప్పుడుకు గొంతు పెంచాల్సి వచ్చింది. పక్క సీట్లవాళ్ళు కూడా వినడం మొదలుపెట్టారు. 'యాదృచ్ఛికంగా' అన్న మాట దగ్గర నాలుక తిరగలేదు, అర్థమూ సరిగా తెలియలేదు. ఎస్తేరు అందుకుంది.

"కంప్యూటరు చీటీ తీస్తాది అక్కా. సగం మందికి కొత్త మాత్ర, సగం మందికి లేదు. మామూలు మాత్ర మాత్రం అందరికీ ఇస్తారు. ఎవరికి ఏది అనేది డాక్టరు చేతిలో లేదు, మన చేతిలో లేదు."

కొత్త మాత్ర వల్ల రాగల బాధల పేజీ వచ్చేసరికి చదవడం ఆపేశాను.

"ఎందుకు ఆపినారు?" అంది నూర్జహాన్.

ఆపినవాణ్ణి మళ్ళీ మొదలుపెట్టాను. విరేచనాలు, నీరసం, రక్తంలో తెల్లకణాలు తగ్గడం, ఇంకా అరుదుగా వచ్చేవి కొన్ని. ఎస్తేరు ఏదీ దాచలేదు. "మొదటి రెండు నెలలు నాకు విరేచనాలతోనే సరిపాయె. మాత్ర మోతాదు తగ్గించినారు. ఇప్పుడు పనికి పోతున్నా."

"దీంతో జబ్బు మళ్ళీ రాదని చెప్పినారా నీకు?" అని అడిగాను.

"లేదన్నా. తెలీదనే చెప్పినారు. తెలీదని మొగం మీద చెప్పిన డాక్టరును నేను ఆ రోజే చూసినా."

నరసరావుపేట దాటింది. నూర్జహాన్ కవరు తన ఒళ్ళో పెట్టుకుంది.

"నిన్ను మళ్ళీ అట్ల చూడలేననే దాచినా" అన్నాను.

"చూడలేకపోతే ఆ మాట నాకు చెప్పాల. మందు మింగేది నేను. దాస్తే ఎట్ల?"



పది కావస్తుండగా గుంటూరులో దిగాం. ముగ్గురం ఒకే ఆటోలో వెళ్ళాం. వెళ్ళేవాళ్ళు ముందు రక్తం ఇచ్చేసి, తర్వాతే ఓపీ వరసలో నిలబడండి. లేకపోతే మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో ఉండాల్సి వస్తుంది. పదకొండు గంటలకు క్యాంటీన్‌లో ఇడ్లీ తిన్నాం. ఎస్తేరు తన మాత్రల కోసం పై అంతస్తుకు వెళ్ళిపోయింది.

డాక్టరమ్మకు యాభై ఏళ్ళుంటాయి. మెల్లగా మాట్లాడే మనిషి. నేను నోరు తెరిచేలోపే నూర్జహాన్ మొదలుపెట్టింది.

"మధ్యలో వద్దనిపిస్తే?"

"ఏ రోజైనా మానేయొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. మీ మామూలు వైద్యం ఆగదు."

"కొత్తది మంచిదని మీకు తెలిస్తే అందరికీ ఇచ్చేవాళ్ళు గదా?"

"నిజమేనమ్మా. తెలియదు కాబట్టే ఈ పని చేస్తున్నాం."

ఆమె తెలుగు చదవలేదు కాబట్టి ఆస్పత్రితో గానీ ట్రయల్‌తో గానీ సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలన్నారు. వాళ్ళ అమ్మను చూపించడానికి వచ్చిన ఒక లారీ డ్రైవరు ఒప్పుకున్నాడు. కెమెరా పెట్టి, ఆ పేజీలన్నీ మళ్ళీ మొదటి నుంచి చదివి, అర్థమైందా అని ఒక్కొక్కటే అడిగారు. అర్థం కానివి మూడు చోట్ల మళ్ళీ చెప్పించుకుంది. చివరికి కుడి నుంచి ఎడమకు, నిదానంగా, ఉర్దూలో సంతకం చేసింది. డ్రైవరు తన సంతకం పెడుతూ, "మా అమ్మకు ఇన్నిసార్లు అడిగే ధైర్యం ఉంటే బాగుండు" అన్నాడు.

గుండె పరీక్ష, స్కానింగ్ అయ్యేసరికి మూడు దాటింది. నాలుగున్నర బండికి తిరుగు ప్రయాణం. నూర్జహాన్ నరసరావుపేట దాకా నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. దాంతో నా మీద కోపం తగ్గిందని అర్థమైంది.

పన్నెండో రోజు ఫోన్ వచ్చింది. పరీక్షలన్నీ సరిగా ఉన్నాయి, వచ్చి మాత్రలు తీసుకోండి అన్నారు. ఈసారి ఎర్రబస్సులో వెళ్ళాం. దారంతా సన్నగా వాన. కిటికీ అద్దం బిగుసుకుపోయి సగం తడిశాం. డాక్టరమ్మ కంప్యూటరు చూసి చెప్పింది. నూర్జహాన్ మామూలు మాత్ర గుంపులో పడింది. కొత్త మాత్ర లేదు.

నాకు లోపల సంతోషమైంది. అది మొహంలో కనబడకుండా జాగ్రత్తపడ్డాను. ఆమె మొహం మాత్రం చిన్నబోయింది. ఇన్ని రోజులు విరేచనాలకు, నీరసానికి సిద్ధపడుతూ వచ్చిన మనిషి.

"అయితే ఇంక నాతో మీకేం పని మేడం?"

"మీరు లేకపోతే కొత్త మాత్రను దేంతో పోల్చి చూస్తామమ్మా? వాళ్ళెంత ముఖ్యమో మీరూ అంతే. మేం పిలిచినప్పుడల్లా వాళ్ళలాగే మీరూ రావాలి" అని డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

తిరుగు బస్సులో వినుకొండ దాకా ఆమె ఆ మాటే ఆలోచిస్తున్నట్టుంది. వాన వెలిసింది. తినడానికి అరటిపళ్ళు కొన్నాను. ఒకటి ఒలుచుకుంటూ అంది. "నాకు జబ్బు వచ్చినప్పుడు నాకిచ్చిన మందులన్నీ ముందు ఇట్లనే ఎవరో ఒకరు మింగి చూసినవే గదా. వాళ్ళ పేర్లు కూడా మనకు తెలీదు."

నేను ఆ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. భయంలో ఉన్నన్నాళ్ళూ నాకు ఆస్పత్రంటే మనకేదో చేసే చోటు. ఆమెకు ఇప్పుడు తాను కూడా ఏదో చేసే చోటయింది. రెండు ప్రయాణాల్లో నాకు తెలిసిందల్లా ఇదే. కొత్త మందు మంచిదో కాదో నాకింకా తెలియదు. డాక్టరమ్మకూ తెలియదు.

మార్కాపురం బస్టాండులో దిగేసరికి ఐదున్నర. దుకాణంలో తరచూ మిషన్ బాగుచేయించుకునే రత్నమ్మ, యర్రగొండపాలెం బస్సు కోసం నిలబడి ఉంది. "ఏడికి పోయొస్తున్నారు అక్కా?" అని పలకరించింది. ఏడాదిగా ఇలా అడిగినవాళ్ళకు కీళ్ళనొప్పులని నేనే చెబుతూ వచ్చాను. అలవాటుగా నోరు తెరిచాను.

"గుంటూరుకు. నాకు రొమ్ము కేన్సర్ వచ్చింది" అంది నూర్జహాన్. "నయమైంది. మళ్ళీ రాకుండా ఏ మందు మంచిదో తేలుస్తుండారు, అందులో నేను కూడా ఉన్నా."

రత్నమ్మ చేతిలోని సంచి కింద పెట్టింది. నా వైపు ఒకసారి చూసి, నూర్జహాన్‌కు దగ్గరగా జరిగి గొంతు తగ్గించింది. నేను కొళాయి వైపు నడిచాను. అయినా మాటలు వినబడ్డాయి.

"నీకు ఆ గడ్డ నొప్పి పుట్టిందా అక్కా?"

"లేదు. ఎన్నాళ్ళ నుంచి ఉంది నీకు?"

యర్రగొండపాలెం బస్సు వచ్చి ఆగింది. కండక్టరు రెండుసార్లు కేకేశాడు. బస్సు వెళ్ళిపోయింది. రత్నమ్మ ఎక్కలేదు. బెంచీ మీద నూర్జహాన్ పక్కన కూర్చుని చెబుతూనే ఉంది.